గోదారి ఒడ్డు కథలు – 14: మన మాట ఎవరి నోట

పోయిన వారం కోటిలింగాల దగ్గర ఆపాను. పెద్దవాగు గోదావరిలో కలిసే ఆ మూలన దొరికిన నాణేల మీద గోబదుడు, నారన, కంవాయస, సమగోపుడు, ఆ వెనక చిముకుడు, అందరి పేర్లూ ఉన్నాయని రాశాను. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అది చదివి వెల్గటూర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"అన్ని మంచిగనే రాసిన్రు గని సార్, అప్పుడు గా వాగుల బట్టలు పిండిన ఆడోళ్ళు ఏం మాట్లాడిన్రో అది ఏ నాణెం మీదన్న ఉన్నదా?"

లేదు. నాణెం మీద రాజుగారి భాషే ఉంటుంది. పోనీ ఇంకేమైనా దొరుకుతుందేమో తవ్వి చూద్దామన్నా, ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు ఆ నేలలో కొంత భాగాన్ని ఎప్పుడో మింగేశాయి.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం వరస తప్పి రెండు వేల ఏళ్ళు ముందుకు దూకుతున్నాను. వాగుల బట్టలు పిండే ఆడమనిషి మాట గద్దె ఎక్కి, అక్కడి నుంచి తెర మీదికి ఎట్లా పోయింది, ఎవరి నోట పోయింది అన్నదే ఈ భాగం. చాలాకాలం అది మన నోట మాత్రం పోలేదు. ముందే చెప్పేస్తున్నా.

*

కథ మన దగ్గర మొదలు కాదు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో మొదలవుతుంది. 1936లో హంపిలో పుట్టిన జమున అక్కడే పెరిగింది. చిన్నప్పటి నుంచీ నాటకాలు. ఆ పిల్ల వేసిన నాటకాల్లో ఒకదాని పేరు 'మా భూమి'.

ఆ నాటకాన్ని 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాశారు. నిజాం రాజ్యంలో దొర మీద తిరగబడ్డ రైతుల కథ అది. ప్రజానాట్యమండలి దళాలు కోస్తా ఊళ్ళన్నీ తిప్పాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా పోయింది దాని ఊపు. ఒక్కటి గమనించండి. కథ మనది. రాసిందీ ఆడిందీ చూసిందీ అటువైపు. నిజాం పోలీసులున్న రోజుల్లో మన ఊళ్ళ కచ్చీరు ముందర గద్దె కట్టి ఆ నాటకం ఆడే ధైర్యం ఎవరికుంటుంది?

1952లో డాక్టర్ గరికపాటి రాజారావు ఈ నాటకంలో జమునను చూశాడు. ఆయన వృత్తికి వైద్యుడు, ప్రజానాట్యమండలి పెద్దల్లో ఒకడు, అప్పుడే సినిమా తీయాలన్న ఆలోచనలో ఉన్నాడు. చూసిన పిల్లనే నాయికగా పెట్టి 1953లో 'పుట్టిల్లు' తీశాడు. అల్లు రామలింగయ్యకూ అదే తొలి సినిమా. తర్వాత 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ', 'మూగ మనసులు' వచ్చాయి. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా జడ విసిరాక ఆ వేషం ఇంకెవరు వేసినా జమునతో పోల్చడం తెలుగువాళ్ళకు అలవాటైపోయింది. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకూ వెళ్ళింది. అంటే తెలంగాణ రైతు కథ తెలుగు సినిమాకు ఒక గొప్ప నటిని ఇచ్చింది గానీ, ఆ నటి నోట తెలంగాణ మాట వినే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. జమున మీద నాకేం ఫిర్యాదు లేదు. సత్యభామ మీద ఫిర్యాదు చేసి బతికి బట్టకట్టినవాడు ఎవడు?

*

మరి మన గద్దెల మీద ఆడవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. చాలా ముందు నుంచే ఉన్నారు.

పెద్దమనుషుల నాటక సమాజాల్లో మీసం గీసుకున్న మగవాడు చంద్రమతి వేషం కట్టే రోజుల్లోనే మన చిందోళ్ళ ఆడవాళ్ళు కిరీటం పెట్టుకుని ఆడేవాళ్ళు. చిన్నప్పుడు మా ఊళ్ళో పొద్దుమూకినంక మొదలైన చిందు భాగవతం కోడి కూసేదాకా సాగేది. పొనికి కట్టెతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, వాటి మీద అతికించిన అద్దం ముక్కలు పెట్రోమాక్స్ వెలుతుర్లో మెరిసేవి. ముందు చాపల మీద పిల్లలం, వెనక నిలబడి పెద్దలు. నిద్రొచ్చి ఒరిగిపోయినవాణ్ని బుడ్డర్‌ఖాన్ వచ్చి లేపేవాడు. బుడ్డర్‌ఖాన్ అంటే ఆ ఆటలో హాస్యగాడు.

ఇక్కడొక సంగతి ఉంది. చిందు భాగవతంలో రాజూ, రాణీ, దేవతా పద్యంలో మాట్లాడతారు. మన ఊరి మాట మాట్లాడేది బుడ్డర్‌ఖానే. మన మాట గద్దె ఎక్కింది, నిజమే. కానీ నవ్వించేవాడి నోట ఎక్కింది. ఇది మనసులో పెట్టుకోండి, తర్వాత సినిమాలోనూ ఎదురవుతుంది.

ఈ కళలో అందరికన్నా పెద్ద పేరు చిందుల ఎల్లమ్మది. నిజామాబాద్ జిల్లా బోధన్ వైపు అమ్దాపూర్ ఆమెది. పసితనంలోనే గద్దె ఎక్కి, ఆడవేషాలే కాదు, మగవేషాలు కూడా వేసి ఒప్పించింది. మీసం పెట్టి గద దిప్పిందంటే జనం ఆడమనిషని మరిచిపోయేవాళ్ళు. 2005లో పోయింది. ఆమెకు సన్మానాలు జరిగాయి, పరిశోధకులు వచ్చి మాట్లాడించారు, ఫొటోలు తీశారు. సినిమాలో పెద్ద వేషం మాత్రం రాలేదు. దుగ్గిరాల పిల్లను నాటకంలో చూసినట్టు అమ్దాపూర్ ఎల్లమ్మను చూసి మద్రాసు రైలెక్కించే రాజారావు ఎవరూ ఆ దారిన రాలేదు.

సురభి వాళ్ళ సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వాళ్ళు మొదలుపెట్టిన ఆ కుటుంబ నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేసేవాళ్ళు. అందుకే 1932 ఫిబ్రవరిలో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చేసరికి లీలావతి వేషానికి సురభి కమలాబాయి సిద్ధంగా ఉంది. గద్దె నుంచి తెరకు దారి వేసిన మొదటి తెలుగు నటి ఆమె. అదీ పద్యం దారే.

*

ఇక 1980. 'మా భూమి' అన్న అదే పేరు మళ్ళీ వచ్చింది. ఈసారి సినిమాగా.

బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. దర్శకుడు కలకత్తా నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్, అతనికి ఇదే మొదటి కథాచిత్రం. మూలం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల 'జబ్ ఖేత్ జాగే'. పేరు పాత నాటకానిదే అయినా కథ దానిది కాదు. మెదక్ జిల్లా మంగళపర్తిలో, నిజమైన ఊళ్ళో, ఊరివాళ్ళ మధ్య తీశారు. గద్దర్ గొంగడి వేసుకుని తెర మీద పాడింది ఇందులోనే. తెలంగాణ పల్లె తన మాటల్లో, తన బట్టల్లో తెర మీద అట్లా కనిపించడం జనానికి కొత్త.

ఆ సినిమాలోనే శకుంతల అనే రంగస్థల నటి తెరకు పరిచయమైంది. మాట కరుకు, గొంతు గంభీరం. రంగస్థలం మీద వెనక వరసవాళ్ళకు కూడా వినపడాలి కాబట్టి నాటకాల వాళ్ళకు గొంతు పైకి తీయడం అలవాటు. సినిమాలో మైకు ముందు అది ఎక్కువై చాలామంది చెడిపోయారు. శకుంతల విషయంలో ఆ ఎక్కువే అందమైంది. తర్వాత ఎంత పెద్ద తారాగణం మధ్య నిలబడ్డా ఆ గొంతు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. కడియాల శకుంతల కాస్తా జనం నోట 'తెలంగాణ శకుంతల' అయింది.

ఆమె పుట్టింది మహారాష్ట్రలో. 1951లో.

పేరు ముందు మన ప్రాంతం పేరును ఇంటిపేరులా మోసినామె పుట్టుకతో మరాఠీ నేలది. ఈ సంగతి మొదట తెలిసినప్పుడు నాకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. తర్వాత ఆలోచిస్తే అందులో వింతేమీ కనిపించలేదు. గోదావరే నాసిక్ వైపు పుట్టి మన దగ్గరికి వస్తుంది కదా. అయితే ఆమె ఒక్కతే అనుకుంటే పొరపాటు. లెక్క చూస్తూ పోతే వరసే కనిపిస్తుంది.

1985లో టి. కృష్ణ 'ప్రతిఘటన' తీశాడు. అందులో మంత్రి కాశయ్య తెలంగాణ యాసలో మాట్లాడతాడు. వేషం వేసింది కోట శ్రీనివాసరావు. ఆయనా నాటకాల మనిషే, కృష్ణా జిల్లా కంకిపాడు. ఆ నటనకు వంక పెట్టలేం. ఒక్క మాట మాత్రం అనుకోవాలి. ఆ తర్వాత చాలా ఏళ్ళు మన యాస వినిపిస్తే ప్రేక్షకుడు విలన్ వచ్చాడనో కమెడియన్ వచ్చాడనో సర్దుకుని కూర్చునేవాడు. బుడ్డర్‌ఖాన్ చోటే అది. కాకపోతే ఈసారి గద్దె పెద్దది.

1988లో నరసింగరావే 'దాసి' తీశాడు. గడీలో దొర చేతికింద నలిగే కమలాక్షి కథ. అర్చన ఆ పాత్రకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం అందుకుంది, అంతకు ముందు ఏడు తమిళ 'వీడు'కు అందుకున్నది కాక. ఆ సినిమాలో మాటలు తక్కువ. చూపులే ఎక్కువ. అర్చన పుట్టింది విజయవాడ.

శకుంతల విషయానికి తిరిగి వస్తే, ఆమె ఎక్కువగా పేరు పొందింది కొత్త సహస్రాబ్ది మొదట్లో. 2001లో తేజ తీసిన 'నువ్వు నేను'లో ఆమె మాటతీరు ఊళ్ళలో పిల్లలు కూడా అనుకరించేవాళ్ళు. 2003లో 'ఒక్కడు'లో రాయలసీమ ఓబుల్ రెడ్డి ఇంటి పెద్దావిడ ఆమే. అదే ఏడు తమిళంలో విక్రమ్ 'ధూల్'లో ప్రతినాయికగా వణికించింది. అంటే తెలంగాణ పేరు మోసిన మరాఠీ బిడ్డ సీమ మాటా మాట్లాడింది, అరవం మీదికీ పోయింది. అది నటి పని. ఏ యాస ఇస్తే ఆ యాస కట్టుకోవాలి. వేషం కట్టడం అంటాం చూడండి, చిందోళ్ళు కిరీటం కట్టినట్టు. 2014 జూన్ 14న హైదరాబాద్ కొంపల్లిలో గుండెపోటుతో పోయింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చి అప్పటికి పన్నెండు రోజులు.

*

టీవీ సంగతి త్వరగా ముగిస్తాను. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. వార్తల భాష, సీరియళ్ళ భాష రెండూ పుస్తకం భాషే. అత్తలు ఏడ్చినా కోడళ్ళు ఏడ్చినా ఒకే యాసలో ఏడ్చేవాళ్ళు. మన ఊరి మాట టీవీలో దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చుంది 2012 తర్వాత, వీ6 'తీన్మార్' వార్తలతో. నిజామాబాద్ వైపు శివజ్యోతి అక్కడ సావిత్రక్కయింది. 'మాటకారి మంగ్లీ'గా ఇంకో గొంతు వినిపించింది. ఊరి జాతర్లో పాడే గొంతు టీవీకి, టీవీ నుంచి సినిమా పాటకు చేరింది. మంగ్లీది అనంతపురం జిల్లా గుత్తి వైపు తండా. లంబాడా ఇంటి బిడ్డ.

ఇక 2017లో 'ఫిదా'. బాన్సువాడ భానుమతి మాటలకు తెలుగు నేలంతా పడిపోయింది. మన యాస మాట్లాడే అమ్మాయి విలన్ కూతురో వంటమనిషో కాకుండా కథానాయిక కావడం, ఆ యాసతోనే ప్రేమించడం, పోట్లాడడం. సినిమా అయిపోయాక హాలు బయట పడుచుపిల్లలు కావాలనే కొంచెం ఎక్కువ యాసలో మాట్లాడుకోవడం నేను విన్నాను. ఆ పాత్రకు సాయిపల్లవి తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకుంది. అంతకు ముందు ఈటీవీ 'ఢీ'లో డాన్సు చేసిన పిల్ల. ఊరు నీలగిరి కొండల్లో కోటగిరి.

వెల్గటూర్ పెద్దమనిషి ఇది చదువుతూ ఈపాటికి విసుక్కుంటూ ఉంటాడు. "అందరు బయటోళ్ళేనా సార్?" అని.

కాదు. కొండగట్టు దాకా పోదాం పదండి.

*

అంజన్న గుట్ట ఉన్న మల్యాల మండలంలోనే లంబాడిపల్లి ఉంది. వెల్గటూర్ నుంచి బస్సెక్కితే పూట పట్టదు. 2012లో శ్రీరాం శ్రీకాంత్ 'మై విలేజ్ షో' అని యూట్యూబ్‌లో మొదలుపెట్టాడు. ఊళ్ళో పండుగలు, పొలం పనులు, పెళ్ళి తంతులు, చదువుకున్న పిల్లల వెర్రి వేషాలు, వీటినే చిన్న చిన్న కథలుగా తీసేవాళ్ళు. నటులంతా ఊరివాళ్ళే. కొన్నేళ్ళకు అందులోకి గంగవ్వ వచ్చింది.

మిల్కూరి గంగవ్వకు నాటకం తెలియదు. గద్దె ఎక్కలేదు. కూలికి పోయింది, బీడీలు చేసింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆడవాళ్ళకు బీడీల పని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం ఉండ. కూలి లెక్క వెయ్యి బీడీలకు. చేతులు వాటంతట అవే చుట్టుకుంటూ పోతాయి, నోరు ఖాళీ. ఆ ఖాళీ నోట పుట్టే మాటలున్నాయి చూడండి, ఎత్తిపొడుపులు, సామెతలు, ఎదురింటి కోడలి మీద వేళాకోళం, పోయినోళ్ళ మీద దుఃఖం, అదంతా ఒక నటనే. నలుగురు ఆడవాళ్ళు చాటల ముందు కూర్చున్న వాకిలే గద్దె. అక్కడ పాత్ర ఎవరిదో వాళ్ళే మాటలు రాసుకుంటారు, వాళ్ళే చెబుతారు. గంగవ్వ నేర్చిన రంగస్థలం అదేనని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఆమె వీడియో ఒకటి పెట్టుకుని, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మాట తుంచుతుందో, నవ్వొచ్చే మాట అనేసి తను మాత్రం నవ్వకుండా ఎట్లా నిలబడుతుందో చూడండి. ఆ నిలబడటం నాటకాల్లో ఏళ్ళు తిరిగినవాళ్ళకు కూడా సులువుగా రాదు.

చదువు రాదు కాబట్టి చేతికి స్క్రిప్టు ఇచ్చే పని లేదు. సన్నివేశం చెబితే చాలు, తన మాటల్లో అంటుంది. జమునకు రచయితలు మాటలు రాసిచ్చారు. శకుంతలకు యాస రాసిచ్చారు. గంగవ్వకు ఎవరూ రాసివ్వలేదు. నా దృష్టిలో అసలు తేడా పుట్టిన ఊరులో లేదు, ఇక్కడుంది.

2019లో సినిమాలు వచ్చాయి. ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం జీవితం మీద తీసిన 'మల్లేశం', అదే ఏడు 'ఇస్మార్ట్ శంకర్'. 2020 సెప్టెంబరులో బిగ్ బాస్ నాలుగో సీజన్‌లోకి పోయింది. అరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న పల్లె మనిషి, ఏసీ గది, అద్దాల గోడలు, నిద్ర పట్టని రాత్రులు. ఇల్లు కట్టుకోవాలన్న కోరిక అక్కడే చెప్పింది. ఐదో వారంలో ఆరోగ్యం బాగోలేక, పోతానని తనే అడిగి బయటకొచ్చింది. నాగార్జున సాయంతో ఊళ్ళో ఇల్లు లేచింది. తర్వాత 'రాజ రాజ చోర', 'లవ్ స్టోరీ'. 2024లో బిగ్ బాస్ ఎనిమిదో సీజన్‌కు మళ్ళీ పోయింది.

తెలుగు సినిమాకు బామ్మ అంటే ఏళ్ళ తరబడి నిర్మలమ్మే. ఆమె కూడా మచిలీపట్నం నాటకాల నుంచే వచ్చింది. 2009లో ఆమె పోయాక ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయిందని అనేవాళ్ళు. గంగవ్వ ఆ కుర్చీలో కూర్చోలేదు. బామ్మ కాలేదు. అవ్వగానే వచ్చింది, తన గోనెసంచి తనే పరుచుకుని కింద కూర్చుంది.

*

ఇంకొక్క ఆడమనిషి గురించి చెప్పి ఆపుతాను. 2023 మార్చిలో 'బలగం' వచ్చింది. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల బిడ్డ, సినిమా కూడా ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే తీశాడు. ఊళ్ళల్లో పంచాయతీ ముందు తెర కట్టి రాత్రిపూట చూపించారు. చిందు భాగవతం నాటి చాపలు మళ్ళీ బయటికొచ్చాయి. చివర్లో ఇద్దరు కథ చెప్పేవాళ్ళు వచ్చి చచ్చిపోయిన పెద్దాయన గురించి పాడతారు, అప్పటిదాకా అలిగి కూర్చున్న అన్నదమ్ములు ఏడుస్తారు. వాళ్ళు నటులు కారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ. ఊరూరా తిరిగి చావింట్లో కథ చెప్పడమే వాళ్ళ పని. తెర మీద కొమురమ్మ చేసింది కూడా ఆ పనే. గద్దె మారింది. వేషం మారలేదు, మాట మారలేదు. 2024 డిసెంబరులో మొగిలయ్య పోయాడు. ఎన్నో చావు ఇళ్ళలో ఆయనకు జత గొంతుగా పాడిన మనిషి కొమురమ్మ.

వచ్చే వారం మళ్ళీ వెనక్కి పోదాం. కరీంనగర్‌లో పుట్టి, 1929లో బొంబాయి సినిమాల్లోకి పోయి, 1980కి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ కథ. ఆయన బొంబాయి పోయిన రోజుల్లో సినిమాలు మూకీలు. నీ యాస ఏదని అడిగేవాడే లేడు.